చక్కెర వేళ్లు

పొద్దుగాల నాలుగింటికే మొదలువెట్టాలె.
ఎండ ఎక్కినంక కాజీపేటల
చక్కెర మాట వినదు.

పిండి లెక్క పట్టిచ్చిన చక్కెర, చెంచెడు గ్లిసరిన్,
నానవెట్టిన జిలాటిన్, చిటికెడు గోందు.
పిసుకుతాంటే ముందు అరచేతిని పట్టుకుంటది,
ఇడిసిపెట్టదు.
కొంచెం సేపటికి, ఎప్పుడైతదో తెల్వకుంటనే,
చెవితమ్మె లెక్క మెత్తగయితది.
అప్పుడు ఆపాలె.
గీ ముచ్చట నేను నేర్చుకున్న కాడ ఎవ్వలు చెప్పలే.

మా నాయిన గిర్మాజీపేటల
కాముని పున్నమికి పేర్లు పోసేటోడు.
టేకు అచ్చుల దారం పరిచి పాకం ఒంపితే
చిలకలు, తమలపాకులు, ఒక వంకర గడియారం
అన్నీ ఒక్క దారానికి పుట్టేటియి.
వెయ్యి చిలకలకు ఒక్కటే కన్ను.
అది గుడ్డిదైతే వెయ్యీ గుడ్డియే.
ఆ అచ్చులు ఇంకా అటక మీదున్నయి, చీమలు కూడ మర్చిపోయినయి.
నా పనికి అచ్చు లేదు.
ఎవరి ముక్కు వాళ్లకే చెయ్యాలె.

ఇన్నయ్య, కాంతమేరి.
ఫాతిమానగర్ చర్చిల శనివారం పెండ్లి.
ఆయనకు యాభై ఎనిమిది, ఆమెకు యాభై మూడు.
"జుట్టుకు నలుపు వెయ్యకు బిడ్డా,
వెయ్యాల్సిన వయసులనే నేను వేసుకోలే"
అని నవ్వి, అడ్వాన్సు రుమాల్ల నుంచి తీసి ఇచ్చింది.
ఇన్నయ్య రైల్వేల డబ్బాలు కలిపేటోడట.
ముప్పయేండ్ల కింద రెండు డబ్బాల నడుమ
కుడిచేతి రెండు వేళ్లు పోయినయి.
ఆమె మెట్లు దిగినంక ఆయన గడపకాడ ఆగిండు,
చెయ్యి జేబుల నుంచి తియ్యకుంటనే అన్నడు:
"బొమ్మకు ఐదూ పెట్టమ్మా."

రాత్రి ఆమె ఫోను.
"ఐదు పెట్టమన్నడా? నాకెరుకే.
మూడే పెట్టు.
ఆయన చాయ్ కప్పు పట్టుకునే తీరు చూసే
నేను ఊఁ అన్న.
ఐదేళ్లతోని పట్టుకునేటోడు నాకెవడో తెల్వదు."

ఇగ నేనేం చెయ్యాలె?

నడుముకు ఎండు సేమ్యా పుల్ల గుచ్చిన,
అగ్గిపుల్ల వద్దు, పిల్లలు కొరుకుతరు.
చీరకు ఏడు కుచ్చిళ్లు పెట్టిన, ఎనిమిదోది చీలింది.
కరెంటు పోయింది. ఆయన భుజం ఒకటి జారింది,
జారిన భుజమే ఆయనకు నప్పిందని వదిలేసిన.
బల్ల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు సరిచూసిన.
ఆఖరికి వేళ్లు.
ఒక్కొక్కటి చిట్టిముత్యాల బియ్యపు గింజంత.
ఐదూ పెట్టిన. బాగనే ఉన్నది.
బాగుండుడే తప్పనిపించింది.
ఆ చెయ్యి ఇన్నయ్యది కాదు, పేర్ల అచ్చుది.

బ్లేడుతోని రెండు తీసిన.
తీసిన జాగ పచ్చి గాయం లెక్క కనవడ్డది.
తడి కుంచెతోని రాసి రాసి నున్నగ చేసిన,
ముప్పయేండ్లు నున్నగ చెయ్యనీకె
గంటన్నర పట్టింది.

తీసిన రెండు వేళ్లు కిటికీల సాసరుల మర్చిపోయిన.
తెల్లారి చూస్తే చీమలు మోసుకపోతున్నయి,
తల దిక్కు నాలుగు, కాళ్ల దిక్కు నాలుగు,
నడుమ ఒక్కతి ఊకెనే తిరుగుతాంది, మేస్త్రీ లెక్క.

శనివారం హాల్ల కేకు కాడ ఫ్యాన్లు బంద్ పెట్టిచ్చిన.
ఇన్నయ్య అద్దాలు పెట్టుకొని వంగిండు.
చానా సేపు వంగే ఉన్నడు.
నా దిక్కు చూడలే.
కత్తి ఏ చేత్తోని పట్టిండో నేను చూడలే,
కింది అంతస్తు క్రీము కారుతాంది,
నా పానమంత దాని మీదనే.

ఆషాఢంల మళ్ల ఫోను.
"బిడ్డా, నా బొమ్మకు ముక్కు లేదు."
వానకు కరిగిందేమో అన్న.
"కరగలే. చాయ్‌ల చక్కెర బంద్ చేసిన గదా,
డాక్టరు చెప్పిండని.
పొద్దుకింత గిల్లుకుంటాండు. ముక్కయింది, కొప్పయింది,
ఇయ్యాల కుచ్చిళ్లకు వచ్చిండు."

మరి ఆయన బొమ్మనో?

"అది బీరువల పెట్టి తాళమేసిన.
మూడు వేళ్లూ ఉన్నయి.
పొద్దుగాల లెక్కపెట్టిన."